మూడో వరస

"నువ్వెక్కి చూడు. ఎటూ వెనక కూర్చునేది నువ్వేగా," అన్నాడు భర్త.

పాత కార్ల వ్యాపారి నడిమి సీటు ముందుకు మడిచి దారి ఇచ్చాడు. ఆమె నడుం వంచి, పాకినట్టుగా మూడో వరసలోకి చేరింది. మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఉన్నాయి.

పెద్ద కారు కొందామని ఇంట్లో మొదట అన్నది ఆమే. ఏడాదిగా వెతుకుతున్నదీ ఆమే. ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తం నమూనాలు మెషీన్‌లో తిరుగుతున్నంతసేపూ ఫోన్‌లో పాత కార్లు చూసేది. ఏ బండి ఎన్ని చేతులు మారింది, ఏది వరదనీళ్లలో మునిగి తేలింది, ఏ ఇంజిన్ ఆయిల్ తాగుతుంది, అన్నీ నోటికొచ్చేశాయి. చివరికి వాళ్ల స్తోమతకు అందేవి రెండు మిగిలాయి. తెల్లది పాతదే గానీ ఇంజిన్ గట్టిది, వెనక కూడా మనిషి మనిషిలా కూర్చోవచ్చు. ఈ బూడిదరంగుది పైకి మెరుస్తుంది, కప్పులో అద్దం ఉంది, వెనక మాత్రం ఇరుకు. నిన్న భర్త ఫోన్‌లో స్నేహితుడితో అనడం ఆమె చెవిన పడింది: "జల్లెడ పట్టేశాన్రా. రెండు తేల్చాను."

"ఇదే బావుంది నాన్నా," అంది కూతురు, కప్పులోంచి ఆకాశం చూస్తూ.

"చూపుకి దర్జాగా ఉంది," అంది అత్తగారు ముందు సీట్లోంచి.

"వెనకేం ఇబ్బంది లేదుగా?" అని అడిగిన భర్త, జవాబు కోసం ఆగకుండా బేరంలో పడ్డాడు.

ఆమె కిటికీ మీద చెయ్యి వేసింది. అద్దం దిగేది కాదు.

ఆమె అమ్మ ఏనాడూ ఏదీ అడిగిన మనిషి కాదు. కుట్టుమెషీన్ మీద కూతుర్ని చదివించి, ఆ మెషీన్‌తోనే ఒంటిగదిలో ఉండిపోయింది. పోయినేడు ఒక్కసారి, "సముద్రానికి వెళ్తున్నారటగా, నేనూ రానా?" అంది. ఆ మాట ఇంట్లో చెబితే, "ఇప్పటికే మనవడు నీ ఒళ్లో కూర్చుంటున్నాడు, ఇంకావిడ్ని నెత్తిన పెట్టుకుంటామా?" అంది అత్తగారు. మామగారు నవ్వారు. భర్త నవ్వాడు. అందరితో పాటు ఆమె కూడా నవ్వేసింది. తర్వాత అమ్మకు ఫోన్ చేసి, "పెద్ద కారు కొంటామమ్మా, అప్పుడు నిన్ను కిటికీ పక్కన కూర్చోబెడతాను," అంది. "నాకు కిటికీ ఎందుకే, ఓ మూల చాలు," అంది అమ్మ. ఆ రోజు నుంచే ఈ వెతుకులాట. ఇంతలో వానాకాలంలో ఒకనాడు అమ్మ కుడుతూ కుడుతూ మెషీన్ మీదే ఒరిగిపోయింది. సాగనంపడానికి వచ్చినవాళ్లకు వండి వడ్డించడంతోనే సరిపోయింది. మర్నాడు ల్యాబ్‌లో మళ్లీ ఫోన్ తీసి కార్లే చూసింది. ఇంకా ఎవరి కోసం చూస్తున్నానని తనను తాను ప్రశ్నించుకోలేదు.

"మేడమ్, అడ్వాన్స్ మీ అకౌంట్‌లోంచేనని సార్ అన్నారు," అన్నాడు వ్యాపారి, ఆమె దిగగానే.

"ఇవ్వడం లేదండీ."

"అదేంటి? పోనీ ఆ తెల్లదే తీసుకుందాంలే," అన్నాడు భర్త.

"ఏదీ వద్దు. నా డబ్బు నా దగ్గరే ఉంటుంది. ఇప్పుడున్న కారులో మీరయిదుగురూ హాయిగా పడతారు."

"మరి నువ్వు?"

పెళ్లయిన ఇన్నేళ్లకు ఆ ప్రశ్న వచ్చింది. "ఏమొచ్చిందివాళ దీనికి? ఇంటికెళ్లి వంటెవరు చేస్తారు?" అని అత్తగారు అంటూనే ఉంది. ఆమె గేటు దాటి రోడ్డు మీదికొచ్చి, ఆగిన బస్సు ఎక్కింది.

బస్సు కిక్కిరిసి ఉంది. కడ్డీ పట్టుకుని నిలబడింది. బస్సు నాలుగడుగులు కదిలిందో లేదో, వానాకాలం నుంచి ఆపుకున్నదంతా ఒక్కసారిగా పైకొచ్చింది. "అమ్మా" అని బిగ్గరగా ఏడ్చింది. జనం తలలు తిప్పి చూశారు. పక్కన కూర్చున్న ముసలావిడ కాస్త లోపలికి జరిగి, చోటిచ్చింది.