నెడ్రా వాకిట్లో బోర్డు

ఫెన్‌రిడ్జ్‌లో ఇంటి ముందు పచ్చికలో ఏ బోర్డూ పాతకూడదు, "ఇల్లు అమ్మబడును" అన్నది తప్ప. ఊరి అందం చెడుతుందట. గడ్డి కాస్త ఏపుగా పెరిగితేనే నోటీసు పంపే ఊరు అది.

అలాంటి చోట నెడ్రా కాల్‌వర్ట్ తన వాకిట్లో ఒక బోర్డు పాతింది. "ఈ ఊరి నీళ్లే నా భర్తను చంపాయి" అని నల్లరంగుతో రాసింది. ఆమె భర్త ఆర్లన్ కిడ్నీలు పాడై చనిపోయాడు. బ్యాటరీల ఫ్యాక్టరీ మురుగు బోరు నీళ్లలో కలుస్తోందని పోయేదాకా మొత్తుకున్నాడు. పిచ్చివాడన్నారు. నెడ్రాకు పరిహారం అక్కర్లేదు. ఆయన చెప్పింది నిజమేనని ఈ వీధిలో ఒక్కరంటే ఒక్కరు అంటే చాలు.

టౌన్ ఆఫీసు మనిషి జరిమానా చీటీతో వచ్చాడు.

"ఇంట్లో గోడకి తగిలించుకోవచ్చుగా అమ్మా?"

"గోడకి తగిలిస్తే చదివేది నేనే కదా బాబూ. నాకు తెలిసిందేగా."

"అమ్మకం బోర్డైతే ఎన్నాళ్లైనా ఉంచుకోవచ్చండి."

"అంటే ఊరొదిలి పోతానంటేనే నోరు తెరవనిస్తారన్నమాట."

అతను చీటీ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఒక లాయరు ఆ రూలు మీద ఫీజు లేకుండా కేసు పట్టాడు. కేసు నడిచినన్నాళ్లూ వీధి మొత్తం ఆమెను వెలేసినట్టే చూసింది. అంత్యక్రియల రోజు వండుకొచ్చి, ఆమె పక్కనే కూర్చుని ఏడ్చిన ఎదురింటి లవోన్ కూడా చూపు తప్పించింది. అందరూ రూలుకు జడిసి నోరు కట్టుకున్నారనీ, అది పోతే మాట్లాడతారనీ నెడ్రా నమ్మింది. ఆ వెర్రి నమ్మకమే ఆమెను నిలబెట్టింది.

కోర్టు ఆమె పక్షానే తీర్పు చెప్పింది. ఎవరి వాకిట్లో వాళ్ల మాట రాసుకోవచ్చు, ఊరు అడ్డుపడకూడదు.

శనివారం పొద్దున గడ్డి కోసే మిషన్ల చప్పుడుకు బదులు సుత్తుల చప్పుడు వినిపించింది. నెడ్రా ఆశగా బయటికి పరుగెత్తింది. ప్రతి వాకిట్లో ఒకే నీలిరంగు బోర్డు: "మా ఊరి నీళ్లు మంచి నీళ్లు." చర్చి దగ్గర ఫ్యాక్టరీ వాళ్లే ఉచితంగా పంచారు.

లవోన్ కూడా బోర్డు కొడుతోంది. ఆమె భర్త డ్వేన్ దాని కర్ర పట్టుకున్నాడు. అతని పాదాలు బూట్లలో పట్టనంత ఉబ్బి ఉన్నాయి. ఆర్లన్ పాదాలూ మొదట ఇలాగే ఉబ్బాయి.

"లవోన్, ఆ వాపు..."

లవోన్ సుత్తి కింద పెట్టి దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "తెలుసు నెడ్రా. ఆర్లన్ చెప్పింది నిజమే. ఈ ఇల్లు అమ్మితేగానీ ఈయన వైద్యానికి దిక్కులేదు. నీ బోర్డు చూస్తే ఎవరు కొంటారు చెప్పు? నీ కాళ్లు పట్టుకుంటా, తీసెయ్."

ఇన్నాళ్లూ నెడ్రా ఎదురుచూసిన మాట అదే. ఇంకెవరికీ వినపడకుండా వచ్చింది. కోర్టుకెక్కి నిలబెట్టుకున్న బోర్డును సాయంత్రం తన చేతులతో తనే పీకేసింది. పీకుతూ ఏడ్చింది.

వారం తిరక్కుండా ఓ కుర్రజంట ఎదురిల్లు చూడటానికి వచ్చింది. లవోన్ గ్లాసుతో నీళ్లు వాకిట్లోకి తెచ్చిచ్చింది. ఆ అమ్మాయి గటగటా తాగి, అవతల వరండాలో ఉన్న నెడ్రాను చూసి నవ్వింది.

"నీళ్లు భలే చల్లగా ఉన్నాయండీ ఇక్కడ."

"అవునమ్మా," అంది నెడ్రా.