ఆటువేళ వినవచ్చిన కడలిపలుకు

శరత్కాలప్రభాతమున వానకారు మబ్బుల తుదిజాడలు సైతము తుడిచికొనిపోయిన నిర్మలాకాశము క్రింద ప్రాక్సముద్రము బాలభానుకిరణసంపర్కమున కరగిన బంగారమై మెఱయుచు ఆటువేళ యగుటచే మొగలిపాలెపు తీరమును విడిచి మెల్లమెల్లగా వెనుకకు జరుగుచుండెను. నీరు తగ్గిన మేర తడియిసుక గట్టిపడి గచ్చునేలవలె నుండెను. ఆ తీరమున మొగలిపొదల నడుమ భూమి యొక్క అయస్కాంతబలమును కొలుచు కొయ్యయిల్లొకటి కలదు. దానియందు ఇనుప మేకొక్కటియైనను లేదు. తలుపుబందులు మొదలుకొని గడియవఱకు సర్వమును ఇత్తడియే. లోనికి బోవువారు తాళపుచెవులను తలపిన్నులను గాజులకు తగిలించుకొన్న పిన్నీసులను గుమ్మముకడ వెదురుబుట్టలో విడిచి పోవలయును. పిన్నీసు లేని తెలుగిల్లాలు లోకమున నుండునా? కావున ఆ బుట్ట యెన్నడును ఖాళీగా నుండి యెఱుగదు.

ఆ శాలకు అధికారిణి విరజాదేవి. లవణజలము విద్యుత్తును వహించునది గావున అట్టి జలరాశి ఆటుపోటులందు భూమి యొక్క అయస్కాంతక్షేత్రమున కడ్డముగా కదలునప్పుడు దానియందు సూక్ష్మవిద్యుత్ప్రవాహములు పుట్టును. వానివలన మరల అతిసూక్ష్మమగు అయస్కాంతబలము జనించును. దీనినే విరజ ముద్దుగా కడలిపలుకని పిలుచుచుండెను. ఆ పలుకును తన తీరమున వినగోరి ఆమె యేండ్లతరబడి తిండియు నిద్రయు మఱచి పాటుపడెను. ఇన్నాళ్లకు విసిగిన పైవారు మాసాంతములోపల ఋజువు చూపనియెడల శాలను మూసివేయుదుమని స్పష్టముగా తెలిపియుండిరి.

అంతలో అదృష్టము పండినట్లయ్యెను. సముద్రము వెనుదీయువేళ అయస్కాంతబలమును కాగితముపై గీయు యంత్రపుగీత చక్కగా తలయెత్తసాగెను. ఆటువేళ దినమునకు ముప్పావుగంట యించుమించుగా వెనుకబడుచుండ గీత యెత్తును తప్పక దానివెంటనే నడచుచుండెను. ఇక సందేహమేల? విరజ పట్టరాని సంతోషముతో ఆ గీతచిత్రమును చేతబట్టుకొని ఆనాటి మధ్యాహ్నమే యింటికి వచ్చెను. పట్టపగలు ఆమె యింటి గడప త్రొక్కుట యెన్నాళ్లకో!

ఆమె భర్త సాంబమూర్తి గ్రహముల వాయుమండలములు శూన్యమున కెట్లు జాఱిపోవునో పరిశోధించినవాడు. ప్రమాదమున కాళ్లు చచ్చుపడినది మొదలు ఇనుప చక్రముల కుర్చీయే ఆయనకు నడక. పెండ్లియైన క్రొత్తలో ఆ దంపతులు సాయంకాలముల ఇసుకపై కూర్చుండి పొద్దుగ్రుంకుదాక ముచ్చటించుకొనెడివారు. ఇప్పుడు భార్య తెల్లవాఱకముందే పోయి దీపములు పెట్టిన పిదప వచ్చును. దానికాయన యెన్నడును పల్లెత్తుమాట అనలేదు.

సాంబమూర్తి చిత్రమును కన్నులార చూచి నవ్వెను.

"బాగుంది విరజా! పగటి ఆటుకి ఎంత చక్కగా పలుకుతోందో! మరి రాత్రి ఆటుకి పలకదేం? సముద్రం కూడా ముసుగుతన్ని పడుకుంటుందా ఏమిటి?"

"పైన ఆకాశంలో ఎండకి పుట్టే ప్రవాహాలు పగలు తోడవుతాయి కదండీ. అందుకనుకున్నాను."

అనెనేగాని ఆ మాట ఆమెకే రుచింపలేదు. పగలనక రేయనక ఒక్కతీరున పాఱు నీటికి పగటిపూట మాత్రమే గొంతు పెగలుటేమి? ఆటువేళ పగలు మాత్రమే శాలను సమీపించున దేమి? తలవంచుకొని యోచించుచున్న ఆమె చూపు కుర్చీచక్రములపై పడి నిలిచిపోయెను.

"ఏమండీ, ఈ చక్రాలకి తడి ఇసుకేమిటి?"

వెన్నతో పట్టుబడిన పిల్లవానివలె సాంబమూర్తి మొగము ఎఱ్ఱవాఱెను.

"నీరు వెనక్కి తగ్గితే ఇసుక గట్టిగా ఉంటుంది కదా. అప్పుడైతేనే కుర్చీ నడుస్తుంది. మీ శాలకి సముద్రంవైపున్న వెనక గోడదాకా వస్తూంటాను. లోపల నువ్వు అంకెలు పైకి చదువుకుంటూంటావు. కాసేపు విని వచ్చేస్తాను."

"నన్నొకసారి పిలవలేకపోయారా?"

"పిలిస్తే నీ పని చెడుతుందని పిలవలేదు."

ఇనుము దాటరాని మేరకు గుర్తుగా శాలకు మూడువైపుల తెల్లరాళ్లు పాతియుండెను. సముద్రమువైపునుండి ఇనుముతో ఎవడు వచ్చునని అటు పాతియుండలేదు. కోట్లయోజనములు దాటివచ్చు సూర్యప్రభావమును లెక్కగట్టిన సాంబమూర్తికి ఆ చెక్కగోడ తన కుర్చీ యినుము ప్రభావమున కొక యడ్డము కాదని తోచనేలేదు. వలపు ముదిరినచోట శాస్త్రము కాస్త మందగించుట లోకమున క్రొత్తగాదు. ఇన్నాళ్లును కడలిపలుకని విరజ మురిసినది భర్తకుర్చీ యినుము పలికిన పలుకు.

సంగతి ఆయనకును తెలిసెను. "అయ్యో, నీ పని నేనే పాడుచేశానా?" అని ఆమెవంక చూచెను.

విరజ ఆయన మోకాళ్లపై తలయానించి వెక్కివెక్కి యేడ్చెను. శ్రమ వ్యర్థమయ్యెనన్న దుఃఖము కొంత. ఇంతటి ప్రేమ గోడయవతల దినదినమును వచ్చి నిలిచి మరలిపోవుచుండ తెలియనైతినన్న దుఃఖము కొండంత.

"అంగారకుడి లోపలి వేడి చల్లారి, కాచే అయస్కాంతబలం పోయి, గాలంతా జారిపోయిందని మీరే చెప్పారు కదండీ. ఒక్కరోజులో పోలేదన్నారు. రోజూ కాస్త కాస్త పోయిందన్నారు. మన ఇంట్లోనూ పోతోంది. నేనే చూసుకోలేదు."

సాంబమూర్తి ఆమె తల నిమురుచుండెను.

మఱునాడామె తన ఋజువు తప్పని యున్నదున్నట్లు పైవారికి తెలిపి మఱియొక మాసము గడువు వేడెను. వారు గొణుగుచునే యిచ్చిరి. సముద్రమువైపునను తెల్లరాళ్లు పాతించెను. సాంబమూర్తి యింటనే యుండెను. ఆ మాసము గడచునప్పటికి కుర్చీ యినుము కప్పివేసియుండిన నిజమగు పలుకు బయటపడెను. అది ఆవగింజంత. నీరు నిలిచిపోవు ఆటుతుదిని గాక నీరు వడిగా పాఱు నడిమివేళ పగలును రాత్రియు సమముగా వినవచ్చెను. పైవారు నమ్మిరి. శాల నిలిచెను.

అది మొదలుగా ప్రతిదినమును పగటి యాటు ముదిరి తడియిసుక గట్టిపడువేళకు విరజ యెంతటి పనినైనను ఆపి లేచి ఆ యిసుకమీదుగా వట్టికాళ్లతో యింటికి నడచిపోవును. ఆలుమగలు వీథియరుగున కూర్చుండి నీరు తిరుగుదాక ముచ్చటించుకొందురు. ఆ వేళలందు యంత్రపుగీత యే వంకయు లేక తిన్నగా సాగుచుండును. దానిని మాత్రమే చూచువారు అప్పు డచ్చట నేమియు జరుగలేదని తలంతురు.