నీళ్లు లేని మైలుతుత్తం

కొల్లప్పకు కూతురి మీద ఉన్న నమ్మకం ఊళ్లో చాలామందికి నవ్వులాట. వినుత పావగడలో పీయూసీ రెండో సంవత్సరం సైన్సు చదువుతోంది. "మా పాప లెక్క గట్టిందంటే ఇంక తిరుగులేదప్పా" అని ఆయన టీ అంగడి దగ్గర చెప్పుకోవడం, విన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మామూలే. ఆ ఉదయం మాత్రం ఆ నమ్మకమే కొంప ముంచేలా ఉంది.

భూమి అంతా సోలార్ పార్కుకు గుత్తకిచ్చేశాక వాళ్లకు మిగిలింది దానిమ్మ తోట ఒక్కటే. చెట్లు పూత మీదున్నాయి. ఆకుల మీద నల్ల మచ్చ మొదలైంది. మైలుతుత్తం, సున్నం నీళ్లలో కలిపి కొట్టకపోతే మచ్చ కాయకెక్కుతుంది. కలపడంలో తేడా వస్తే మచ్చ సంగతి దేవుడెరుగు, లేత ఆకూ పూతా మాడిపోతాయి. ఏడాది తిండి ఆ పూతలోనే ఉంది.

పావగడ అంగడిలో నీలం గడ్డల మైలుతుత్తం అయిపోయింది. అంగడివాడు తెల్లపొడి పొట్లం చేతిలో పెట్టి, "ఇదీ అదే, ఇంకా మేలు రకం" అన్నాడు. వినుత పేరు చదివింది. కాపర్ సల్ఫేటే. ఇంటికొచ్చి చిటికెడు నీళ్లలో వేస్తే చక్కగా నీలమైంది. ఇంకేం అనుమానం? ఎప్పటిలాగే డ్రమ్ముకు కిలో అని చెప్పింది, తానే తూచింది కూడా. తండ్రి కలిపి పెట్రోలు మోటారు స్ప్రేయరు తగిలించాడు. తల్లి నల్లమ్మ పైపు పట్టుకుంది. వినుత పంపు షెడ్డు నీడలో పుస్తకం తెరిచింది. మర్నాడు పరీక్ష.

పుస్తకంలో లెక్క ఇది: ఒక నీలం ఉప్పులో నూటికి రాగి 25.45, గంధకం 12.82, ఆక్సిజన్ 57.7, హైడ్రోజన్ 4 పాళ్లున్నాయి. అణుభారం 249.5. ఎంపిరికల్ ఫార్ములా, మాలిక్యులర్ ఫార్ములా కనుక్కోవాలి. మొదటిది పరమాణువుల నిష్పత్తి మాత్రమే చెబుతుంది, రెండోది అసలు ఎన్నున్నాయో చెబుతుంది. వినుతకు ఇది మంచినీళ్లు తాగినంత పని. ఒక్కొక్కదాన్నీ దాని పరమాణుభారంతో భాగించింది: 0.4, 0.4, 3.6, 4. అన్నిటినీ చిన్నదానితో భాగించింది: ఒకటి, ఒకటి, తొమ్మిది, పది. వాటి భారాలు కూడితే సరిగ్గా 249.5. అంటే రెండు ఫార్ములాలూ ఒకటే.

కానీ రాగి ఉప్పులో పది హైడ్రోజన్లు ఎక్కడివి? అచ్చుతప్పేమో అనుకుని మళ్లీ చూసింది. గంధకంతో పోయే ఆక్సిజన్లు నాలుగు. మిగిలినవి అయిదు. అయిదు ఆక్సిజన్లు, పది హైడ్రోజన్లు అంటే అయిదు నీళ్లు! నీలం మైలుతుత్తం గడ్డలో నీళ్లు దాగి ఉన్నాయన్నమాట. సంబరపడి నవ్వుకుంది.

మరుక్షణం ఆ నవ్వు ఆరిపోయింది. పక్కనే ఉన్న సగం ఖాళీ పొట్లం తీసి చూసింది. పేరు కింద సన్న అక్షరాల్లో అణుభారం 159.5 అని ఉంది. తొంభై తక్కువ. అయిదు నీళ్ల బరువు సరిగ్గా తొంభై. ఈ పొడిలో ఆ నీళ్లే లేవు. నూరు పాళ్ల నీలం గడ్డలో రాగి పాతిక, ఈ తెల్లపొడిలో దాదాపు నలభై. సున్నమేమో ఎప్పటి పాత సున్నమే, గాలి తగిలి సత్తువ పోయినది. ఇంత రాగి ఘాటును విరవడం దాని తరం కాదు. తోటలోంచి స్ప్రేయరు మోత వస్తూనే ఉంది.

"ఆపు నాయనా! కొట్టొద్దు!" అని అరుస్తూ పరుగెత్తింది.

కొల్లప్ప మోటారు ఆపాడు. "ఏందిమ్మా? పామా?"

"మందులో రాగి ఎక్కువైపోయినాది. ఆకు మాడిపోతాది."

"నువ్వే కదా తూచినావు?"

"నేనే తూచినా. తప్పు తూచినా."

"కిలో అంటే కిలోనే కదా పాపా. తెల్లదైతే ఏంది, నీలందైతే ఏంది?"

ఫార్ములా చెబితే ఆయనకు తలకెక్కదు. ఎండేమో ఎక్కుతోంది. వినుతకు ఏడుపొచ్చింది. "నాయనా, పీకిన పొద్దు పచ్చి శనక్కాయ మూట ఒకటి, ఎండబెట్టిన మూట ఒకటి, రెండూ ఒకే తూకం ఉండాయనుకో. కాయలు దేంట్లో ఎక్కువ?"

"ఎండిందాంట్లో. పచ్చిదాంట్లో సగం నీళ్ల బరువే కదా..." అంటూనే కొల్లప్ప ఆగిపోయాడు.

మొలలో కత్తి తీసి డ్రమ్ములో ముంచి కాసేపు ఉంచాడు. సున్నానికి లొంగని రాగి మిగిలుంటే ఇనుము ఎర్రబడి పట్టిస్తుంది. పైకి తీస్తే కత్తి ఎర్రబారి ఉంది.

"ప్రతి తూరీ ముంచి చూస్తావు కదా నాయనా! ఈ తూరి ఎందుకు చూడలే?"

"నువ్వు లెక్క గట్టినావు కదమ్మా" అన్నాడాయన.

నాలుగు తిట్లు తిట్టినా వినుతకు అంత నొప్పి కలిగేది కాదు.

కొట్టినంత వరకు కడగాలి, ఆరకముందే. బోరుకు కరెంటు మధ్యాహ్నం గాని రాదు. కంచె అవతల సోలార్ పార్కులో కనుచూపు మేరంతా కరెంటు పండుతోంది, ఇవతల బోరు తిరగదు. నల్లమ్మ అప్పటికే కంచె దగ్గరికి పోయింది. సోలార్ ప్యానెళ్లు కడిగే నీళ్ల ట్యాంకరు డ్రైవరు తిప్పేశ్ నీళ్లు మళ్లించడానికి గొణిగాడు.

"కంపెనీ నీళ్లక్కా. అడిగితే నేనేం చెప్పాల?"

"భూమంతా మీకే ఇచ్చినాం కదప్పా! ఇన్ని నీళ్లకు ఆలోచన చేస్తుండావా?"

తిప్పేశ్ పైపు కంచె మీదుగా విసిరాడు. ముగ్గురూ చెట్టు చెట్టునూ తడిపారు. వినుత ఒక్కో కొమ్మనూ చేత్తో విదిలించి కడిగింది.

రెండో రోజుకు తెలిసిపోయింది. మొదట కొట్టిన సాలు పూతంతా రాలింది, ఆకు అంచులు కాలినట్టయ్యాయి. తక్కిన తోట నిలిచింది. అయితే మచ్చ కూడా అలాగే నిలిచింది. మందు మళ్లీ కొట్టాల్సిందే, ఉన్నది ఆ తెల్లపొడే.

వినుత పరీక్ష బాగానే రాసింది. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి మొహం చెల్లలేదు. సాయంత్రం కొల్లప్ప పొట్లం, తక్కెడ తెచ్చి ఆమె ముందు కూర్చున్నాడు.

"డ్రమ్ముకు ఎంత వేయాల పాపా?"

ఆరువందల నలభై గ్రాములు. ఆ లెక్క ఆమె ఎన్నిసార్లు వేసి చూసుకుందో! అయినా ఆయన తనను ఇంక నమ్మకపోతే ఎంత బాగుండునో అనిపించింది. "ఎవరినన్నా పెద్దోళ్లను అడుగు నాయనా" అంది.

కొల్లప్ప కదల్లేదు. తక్కెడ సరిచేసుకుని కూర్చున్నాడు. "నువ్వు చెప్పేదాకా ఈడే ఉంటా" అన్నాడు.

చివరికి ఆమె చెప్పింది. ఆయన తూచాడు.