ఒడ్డు కరెంటు

మీటరు వైర్ల కొసలు రెండూ బ్యాటరీకి ఆనించి, ముత్తమ్మ కళ్ళు చిట్లించి చూసింది. పదమూడు మీద నాలుగు. అంటే ఒడ్డు నుంచి కరెంటు వస్తోంది, ఛార్జరు పనిచేస్తోంది. ఆమెకు అక్షరాలు రావు. ఈ అంకెలు మాత్రం మొగుడు శంకరయ్య నేర్పి పోయాడు. పదమూడు దాటితే నిశ్చింతగా పడుకో. పన్నెండున్నర ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. పదకొండున్నరకు దిగితే లేచి బకెట్ అందుకో. ఆమె చదువంతా అంతే. ఆ చదువుతోనే ఆరేళ్ళుగా నీళ్ళ మీద ఒంటరిగా బతుకుతోంది.

నీళ్ళ మీద అన్నది మాటవరసకు కాదు. శామీర్‌పేట దాటి కొంత దూరం పోతే ఒక చెరువు, దాని ఒడ్డున ఒక రిసార్టు, రిసార్టు మెట్లకు కట్టేసిన పాత లాంచీ. ఒకప్పుడు ఇరవై మందిని ఎక్కించుకుని చెరువంతా తిరిగేది. నడిపినవాడు శంకరయ్య. సూరారంలో ఫ్యాక్టరీ మూతపడితే, మోటారు పని తెలిసినవాడని ఇక్కడ పెట్టుకున్నారు. గది అడిగితే లాంచీలోనే ఉండమన్నారు. అతను పోయాక ఇంజను విప్పి అమ్మేశారు. లాంచీని కొనేవాడు దొరకలేదు, ముత్తమ్మకు పోయే చోటు దొరకలేదు. పిల్లలు లేరు. ఆమెను ఊడ్చే పనికి ఉంచుకుంటూ మేనేజరు భానుప్రకాశ్ ఒక మాట అన్నాడు. "పడవ తేలినన్ని దినాలు ఉండు. మునిగిందంటే నీ జాగ నువ్వు జూస్కో." ఎంత దయగల మాట అనుకుంది ఆమె. చేతులెత్తి దండం కూడా పెట్టింది.

ఆ మాట ఎంత బరువైందో తర్వాత తెలిసింది. ఇంజను విప్పినప్పుడు ఇరుసు దగ్గరి బెజ్జం సరిగ్గా మూయలేదు. అక్కడినుంచి లోపలికి నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. పడవ అడుగున ముంజేతంత పంపు ఒకటి ఉంది. నీళ్ళు పెరగ్గానే దానంతటదే గుర్రుమని లేచి, బయటికి చిమ్మి, మళ్ళీ పడుకుంటుంది. ఒడ్డు మీది బోర్డు నుంచి నల్ల కేబులు లోపలికి వస్తుంది. అది ఛార్జరుకు, ఛార్జరు బ్యాటరీకి, బ్యాటరీ ఒక బల్బుకు, అరచేతంత ఫ్యానుకు, ఆ పంపుకు. పడవ కింద ఇద్దరు మనుషుల లోతు నీళ్ళున్నాయని శంకరయ్య చెప్పేవాడు. ముత్తమ్మకు ఈత రాదు. అందుకే ఫ్యాను ఆగినా ఓర్చుకునేది గానీ పంపు చప్పుడు కాస్త ఆలస్యమైతే లేచి, నేల పలకకున్న మూత ఎత్తి చూసుకునేది.

తుర్కపల్లి ల్యాబులకు పోయే తెల్ల క్యాబులు రోడ్డు మీద వరసకట్టాయంటే ఎనిమిదైనట్టు. ముత్తమ్మ మెట్లు ఊడుస్తుండగా రిసార్టు ఎలక్ట్రీషియన్ అమీర్ అలీ వచ్చి, ఒడ్డు బోర్డులోంచి ఆమె కేబులు పీకేశాడు.

"ఏందది?" అంది ముత్తమ్మ చీపురు ఆపి.

"ఫోటోల పార్టీ వచ్చింది అవ్వా. పెండ్లి ముందటి ఫోటోలు. లైట్లకు ఈ బోర్డే గావాల్నంట. సార్ జెప్పిండు."

"ఎంతసేపు?"

"పొద్దుగూకే దాంక."

చీపురు అక్కడే పడేసి ఆమె మేనేజరు గదికి నడిచింది. భానుప్రకాశ్ ఫోన్లోంచి తల ఎత్తలేదు.

"సారూ, బ్యాటరీ పాతదైంది. పగటి బువ్వ యాల్ల దాంక కూడ ఆగదు. కిచెన్‌కెల్లి ఒక్క వైరు గుంజిపియ్యిండ్రి."

"కిచెన్‌ల లోడ్ ఎక్కువున్నది. ఒక్క పూటకేనా గింత పరేషాన్?"

"పడవ మునుగుతది సారూ."

అప్పుడు తల ఎత్తాడు. "మునిగితే ఏమైతదో నీకెర్కనే గదా. జల్దీ పోయి జూస్కో మరి."

చీమ కుట్టినట్టయినా లేదు అతనికి. ముత్తమ్మ తిరిగొచ్చి ముందు ఫ్యాను తీగ విప్పింది, తర్వాత బల్బుది. ఉన్నదంతా పంపుకే. మనిషికి మిగిలింది వేడి. ఏప్రిల్ ఎండకు రేకు కప్పు పెనంలా కాలింది. జవహర్‌నగర్ చెత్తగుట్ట మీదుగా గాలి తిరిగి, ఆ కంపు కూడా వచ్చి లోపల కూర్చుంది. ఆమె తల మీద తడి తువ్వాల వేసుకుని, మీటరు ఒళ్ళో పెట్టుకుని, పంపు లేచిన ప్రతిసారీ అంకెలు చూసుకుంది. పన్నెండు మీద రెండు. పన్నెండు. పదకొండు మీద ఏడు. సన్నగా, పొట్టిగా ఉండే మనిషి. మోచేతుల దగ్గర చర్మం ముడతలు పడి వేలాడుతుంది. ఎడమ మోకాలు సరిగా వంగదు. అరవై దాటాయో లేదో ఆమెకే తెలియదు, ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

మధ్యాహ్నం పన్నెండింటికి పంపు మూలిగి ఆగిపోయింది. ముత్తమ్మ పలక మూత ఎత్తి బకెట్ ముంచింది.

ఒడ్డు మీద పెళ్ళికూతురు పసుపు గౌనులో, పెళ్ళికొడుకు తెల్ల కోటులో నిలబడ్డారు. ఇద్దరూ తుర్కపల్లి ల్యాబులోనే ఉద్యోగాలట. పాత పడవ వెనక ఉంటే బాగుంటుందని ఫోటోగ్రాఫర్‌కు తోచింది. కాసేపటికి చేయి ఊపుతూ వచ్చాడు.

"అమ్మా, మీరు నీళ్ళు పారబోస్తుంటే ఫ్రేములో పడుతోంది. అటువైపు పోసుకోండి, ప్లీజ్."

అటువైపు అంటే నాలుగు అడుగులు ఎక్కువ. మూత దగ్గర వంగి ముంచాలి, ఒక మెట్టు ఎక్కాలి, పడవ అడ్డంగా దాటాలి, కిటికీలోంచి పోయాలి, మళ్ళీ రావాలి. ముత్తమ్మ సరే అంది. ఆమె ఎవరికి కాదంది గనక.

"పాపం, ఆవిడ ఎందుకలా తోడుతున్నారు?" అని పెళ్ళికూతురు అడిగింది.

"అలవాటు మేడమ్," అన్నాడు భానుప్రకాశ్, ఆమెకు కొబ్బరిబొండాం అందిస్తూ.

ఒంటిగంటకు అన్నం డబ్బా తెరిచింది, రెండు ముద్దలు తినేసరికి నీళ్ళు పలక అంచుకు వచ్చాయి. మూత పెట్టేసింది. రెండింటికి అమీర్ అలీ లైట్ల వైరు సర్దడానికి పడవ పక్కకు వచ్చాడు.

"బిడ్డా, ఒక్క గడియ ఆ కేబులు పెట్టరాదు? బ్యాటరీ గొంతు తడుపుకుంటది," అందామె కిటికీలోంచి. మాటకూ మాటకూ మధ్య ఊపిరి అందడం లేదు.

అతను మేనేజరు వైపు ఒకసారి చూశాడు. "సార్ జూస్తె నా నౌకరి పోతది అవ్వా. ఇగ అయిపోవస్తుంది. జర ఓపిక వట్టు."

ఓపికకేం, పట్టింది. మూడింటి దాకా ముంచి, మోసి, పోసింది. ఎడమ చేయి తిమ్మిరెక్కితే కుడి చేత్తో పట్టుకుంది. మునిగితే తన వంట గిన్నెలు, బొంత, శంకరయ్య చొక్కాలు ఎక్కడ పెట్టుకోవాలో, తనెక్కడ పడుకోవాలో ఆలోచించింది. సూరారంలో అప్పుడు అద్దెకున్న ఇల్లు గలాయన గుర్తుపడతాడా అనుకుంది. మూడు దాటాక ఒక బకెట్ ముంచి, మెట్టెక్కబోయి, ఒక్క నిమిషం అనుకుని మెట్టు మీదే కూర్చుంది. తల పక్క గోడకు ఆనించింది. బకెట్ పిడి చేతిలోనే ఉంది.

నాలుగున్నరకు ఫోటోగ్రాఫర్ కెమెరాలో చూసుకుని మురిసిపోయాడు.

"ఇప్పుడు కుదిరింది. పొద్దున్నించీ ఆ పడవ ఊగి ఊగి చంపింది. ఇప్పుడు బండలా నిలబడింది చూడండి."

మంచి ఫోటోలన్నీ ఆ గంటలోనే వచ్చాయి.

ఆరింటికి, ఇంకా వెలుతురు ఉండగానే, పార్టీ వెళ్ళిపోయింది. అమీర్ అలీ పరుగున వచ్చి ముందు కేబులు బోర్డులో పెట్టాడు, తర్వాత "అవ్వా, లైనిచ్చిన" అని పిలిచాడు. ఇంకోసారి పిలిచి లోపలికి వెళ్ళాడు. ముత్తమ్మ కాళ్ళు పిక్కల దాకా నీళ్ళలో ఉన్నాయి. చేయి ముట్టుకుంటే చల్లగా తగిలింది.

భానుప్రకాశ్ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అంబులెన్సుకు ఫోన్ చేసి, ఎండదెబ్బ అని చెప్పాడు. అమీర్ అలీ పడవలోని నీళ్ళ వైపు చూస్తూ అడిగాడు.

"సార్, పంపు ఆగి ఆరు గంటలాయె. మునగలేదేంది?"

"ఏడ మునుగుతది? కింద మొరం ఉంది గదా. పోయినేడు లాను పెంచనీకి టిప్పర్లతోని పోస్తే సగం మట్టి పడవ కిందికే జారింది. జానెడు దిగుతది, కూసుంటది. గంతే."

"అవ్వకు ఎర్కనా?"

"అడగలే."

"జెప్తే ఏంబోతుండె సార్?"

"జెప్తే ఎవరు తోడుతరు? లోపట నీళ్ళు నిల్వుంటే తుప్పు వడ్తది, వాసనొస్తది. భయమున్నన్ని దినాలు పడవను సాఫ్‌గ ఉంచింది."

ఆ టిప్పర్ల దుమ్మంతా నెల రోజులు ఊడ్చింది ముత్తమ్మే. మెట్ల మీది మట్టిని చూసింది గానీ నీళ్ళ కిందికి ఆమె చూపు పోలేదు. మొగుడు చెప్పిన లోతునే నమ్ముకుంది.

అంబులెన్సు వెళ్ళాక లాంచీ ఖాళీ చేయమని చెప్పి భానుప్రకాశ్ గదికి పోయాడు. అమీర్ అలీ గిన్నెలు సంచిలో వేశాడు, చొక్కాలు మడతపెట్టాడు. బొంత ఎత్తితే కింద నారింజ రంగు లైఫ్‌జాకెట్ కనిపించింది. లోపలి గుడ్డ చెమటకు నల్లబడింది, మెడ దగ్గర తలనూనె మరక. ఆమె రోజూ అది తొడుక్కునే నిద్రపోయేదని అతనికి అర్థమైంది. బకిళ్ళు విరిగిన చోట చీర అంచు చించి కుట్టుకున్న నాడాలు రెండు, ప్రతి రాత్రీ వేసిన ముడులకు నలిగి, పీచులు లేచి, దారాల్లా సన్నబడి ఉన్నాయి.