బిస్కెట్ల డబ్బాలో కార్డులు

తోటలు వేసే ఒక కంపెనీకి మా అబ్బాయి మనుషుల్ని కుదిర్చి పని చేయిస్తాడు. పెద్ద భవనాల ముందు గడ్డి పరచడం, మొక్కలు నాటడం, అంచులకి రాళ్ళు పేర్చడం వాళ్ళ పని. అందరూ మావాణ్ణి మేస్త్రీ అంటారు. పనివాళ్ళంతా దూరం నుంచి వచ్చినవాళ్ళే. మొక్కల యార్డు వెనక రేకుల గదుల్లో ఉంటారు. ఆడవాళ్ళదొకటి, మగవాళ్ళదొకటి, చివరిది మాది. అందరికీ వంట నేనే చేస్తాను.

నాకు భయం ఎక్కువ. గ్యాస్ కట్టేశానో లేదో మళ్ళీ మళ్ళీ చూసుకుంటాను. మావాడు రావడం కాస్త ఆలస్యమైతే లారీ కింద పడ్డాడేమో అనుకుంటాను. "మా అమ్మ ముందే ఏడ్చి పెట్టుకుంటుంది, తర్వాత పని తగ్గుతుందని" అంటాడు వాడు. అందుకే పోకూడనివన్నీ నా చేతికే వస్తాయి. ఒకాయన చొక్కాతోపాటు తన గుర్తింపు కార్డు కూడా ఉతికేసుకుంటే, అందరి కార్డులూ తీసుకుని నన్ను దాచమన్నాడు మావాడు. బిస్కెట్ల డబ్బాలో పెట్టి, డబ్బాని బియ్యంలో పూడ్చాను. చీకటి పడ్డాక గదులకి బయట తాళం వెయ్యడం మాత్రం నా ఆలోచనే. యార్డుకి గోడ లేదు. ఎవడైనా వచ్చి ఏమైనా చేస్తే?

మోకాళ్ళ దాకా జడ ఉన్న ఒకావిడని అందరం జడమ్మ అనేవాళ్ళం. ఆమె చెల్లెలికి నెలలు నిండాయి, చూసేవాళ్ళు లేరు. కార్డు ఇస్తే వెళ్ళొస్తానని మావాణ్ణి అడిగింది. కార్డు చూపించందే దూరపు బస్సు ఎక్కనివ్వరు.

"గడ్డి దిగనీ," అన్నాడు వాడు. "గడ్డి చుట్టలు లారీలోంచి దిగాక ఒక్క పూట ఆగినా లోపల ఉడికిపోయి పసుపెక్కుతాయి. పరిచేశాక వెళుదువుగాని."

అంతకుముందు అడిగినప్పుడు రాళ్ళ పని అన్నాడు. దానికి ముందు చెట్ల పని. జడమ్మ వాదించలేదు. నేను కూరగాయలు తరుగుతుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"పిన్నీ, నువ్వైనా చెప్పవా."

"రెండు బస్సులు మారాలి. ఒంటరిదానివి. దారిలో ఏమైనా అయితే ఎవరు దిక్కే తల్లీ?"

"వచ్చేటప్పుడు కూడా ఒంటరిగానే వచ్చాను పిన్నీ," అని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు కంపెనీ నుంచి తనిఖీ చెయ్యడానికి ఒకమ్మాయి వచ్చింది. పనివాళ్ళని ఎవరూ బలవంతంగా పట్టి ఉంచడం లేదని చూడటం ఆమె ఉద్యోగమట. మనుషుల్ని కుదిర్చేవాళ్ళ దగ్గరికీ, రాళ్ళు కొట్టేచోటికీ, గడ్డి పెంచే పొలాలకీ తిరుగుతుందట. "రేపు గడ్డిని కూడా అడుగుతుంది, నిన్నెవరు కోశారే, ఇష్టపడే కోశారా అని" అని మావాడు నా చెవిలో గొణిగాడు.

ఆమె మొక్కల మధ్య తిరిగి, పనివాళ్ళతో మాట్లాడి, చివరికి నా వంటగది గుమ్మంలో నిలబడింది. జడమ్మ బయట కొళాయి దగ్గర గిన్నెలు తోముతోంది.

"వీళ్ళ కార్డులు ఎక్కడుంటాయి పెద్దమ్మా?"

ఎవరో ఒకరు ఆ మాట అడగాలని ఎదురుచూస్తున్నట్టే బియ్యంలో చెయ్యి పెట్టి డబ్బా తీశాను. "చూడండమ్మా. ఒక్కటి నలగలేదు. ఎలా ఇచ్చారో అలాగే ఉన్నాయి."

ఆమె మెచ్చుకుంటుందనుకున్నాను. డబ్బా వైపు చూసి, ఎదురు గది తలుపుకి వేలాడుతున్న తాళాన్ని చూసింది.

"తాళం కూడా మీరే వేస్తారా?"

"నేనే. పొద్దున్నే తీస్తాను. ఎవరొస్తారోనన్న భయం ఉండదు."

"లోపల నిప్పంటుకుంటే?"

నేను భయపడనిది ఏదీ లేదనుకున్నాను. ఆ ఒక్కటీ నాకు తట్టలేదు.

"సరే, ఇప్పుడు ఎవరికైనా అర్జెంటుగా వెళ్ళాలంటే ఎలా?" అని అడిగింది.

ఆమెకి ధైర్యం చెబుదామని అన్నాను: "ఎవరూ వెళ్ళరమ్మా. కార్డులు నా దగ్గరుంటే ఎక్కడికి పోతారు?"

కొళాయి దగ్గర గిన్నెల చప్పుడు ఆగింది. జడమ్మ నన్నే చూస్తోంది. కోపంగా కాదు. ఊరికే చూస్తోంది, అంతే.

తనిఖీ అమ్మాయి గొంతు పెంచలేదు. ఎవరి కార్డు వాళ్ళ దగ్గరే ఉండాలని, గడియ లోపలి వైపే ఉండాలని, ఎల్లుండి మళ్ళీ వస్తానని, అప్పటికీ ఇలాగే ఉంటే కంపెనీ మేస్త్రీకి పని ఇవ్వదని చెప్పి వెళ్ళింది.

"తలుపుకి వేసే తాళం నీ నోటికి వేసుకోవాల్సిందమ్మా," అన్నాడు మావాడు.

"నేనేం తప్పు చెప్పానురా?"

"ఉన్నదే చెప్పావు. అదే తప్పు." వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. "రేపు గడ్డి వస్తోంది. రేపు గడవనీ, ఎల్లుండి పొద్దున్న అందరివీ ఇచ్చెయ్యి. ఒక్క రోజులో కొంపలేం మునిగిపోవు."

నా లెక్కలో కొంప రోజూ మునుగుతూనే ఉంటుంది. ఆ సాయంత్రం వంట చేస్తూ వరసగా అనుకున్నాను. కార్డు ఇస్తే జడమ్మ బస్సులో పడి నిద్రపోతుంది, సంచీ పోతుంది, తప్పు చోట దిగుతుంది. ఇవ్వకపోతే? అక్కడ కడుపులో బిడ్డ అడ్డం తిరుగుతుంది, చెల్లెలు ఒక్కతే అరుస్తుంది. ఇంతవరకూ జడమ్మకి దారిలో ఏమవుతుందోనని భయపడ్డాను గాని, ఆ చెల్లెలి కోసం ఒక్కసారి కూడా భయపడలేదు.

భోజనాలప్పుడు డబ్బా తెచ్చి మధ్యలో పెట్టి మూత తీశాను. "ఎవరివి వాళ్ళు తీసుకోండి. ఉతికే ముందు జేబులు చూసుకోండి."

ముందు ఎవరూ కదల్లేదు. అందరూ మావాడి వైపు చూశారు. వాడు కంచంలోనే చూస్తూ ముద్ద కలుపుకుంటున్నాడు. జడమ్మ లేచి, ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడమ చేత్తో తన కార్డు తీసుకుంది. తర్వాత మిగతావాళ్ళు. ఆ రాత్రి నేను తాళం వెయ్యలేదు.

పొద్దున్న జడమ్మ చెప్పి వెళ్ళింది. పొడుగాయన అని ఇంకొకతను చెప్పకుండా వెళ్ళాడు. గడ్డి లారీ వచ్చేసరికి ఇద్దరు తక్కువ. నేనూ చీర ఎగ్గట్టి దిగాను. చుట్ట విప్పడం, అంచుకి అంచు ఆనించడం, సందు లేకుండా పాదంతో తొక్కడం. మధ్యాహ్నానికి నడుము పట్టేసింది. చివరి చుట్టలు కొన్ని పసుపెక్కాయి. "ఇదీ నీ దయే" అన్నాడు మావాడు, వాటిని పక్కకి విసురుతూ. సాయంత్రం తనే సుత్తి తెచ్చి గదుల తలుపులకి లోపల గడియలు బిగించాడు.

మర్నాడు తనిఖీ అమ్మాయి వచ్చి గడియలు చూసి వెళ్ళింది. జడమ్మ వెళ్ళిన మూడో రోజు ఫోన్ చేసింది. "చేరాను పిన్నీ. ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు."

"కార్డు?"

"జాకెట్లోనే ఉంది," అని నవ్వింది. మళ్ళీ వస్తావా అని నేను అడగలేదు, తనూ చెప్పలేదు. పొడుగాయన సంగతి ఎవరికీ తెలియదు. ఎక్కడున్నాడో, తిన్నాడో లేదో.

చీకటి పడితే ఇప్పటికీ నా కాళ్ళు ఆ గదుల వైపే వెళ్తాయి. మొన్న ఆడవాళ్ళ గది తలుపు తోసి చూశాను. లోపల గడియ వేసి ఉంది.

"ఎవరూ?" అన్నారు లోపలి నుంచి.

"నేనే."

"ఏం కావాలి పిన్నీ?"

"ఏమీ లేదు. తలుపు వేసుకున్నారా అని."

"వేసుకున్నాం."

సరే అని వచ్చేశాను.