ఖాళీ కుర్చీ ముందు కదిలే బాణం

కాదమ్మడూ, దయ్యం అని రాయకు. నేనూ అలాగే అనుకున్నాను గానీ అది మొదటిరోజు మాట. కుర్చీ ఖాళీ. గదిలో నరపురుగు లేదు. కంప్యూటర్ తెర మీద బాణం మాత్రం తనంతట తాను తిరుగుతోంది. మేనేజరుకి ఫోన్ చేస్తే పడీపడీ నవ్వాడు.

"ప్లాన్లు గీసే అమ్మాయయ్యా అది. అంత పెద్ద మిషన్ని ఇంటికి మోసుకెళ్లలేదుగా, అక్కడ కూర్చునే నెట్లో దీన్ని నడుపుతోంది. ఆగిపోయిందని ఫోన్ చేస్తే నువ్వు బటన్ నొక్కు, చాలు."

వాళ్లమ్మ మంచం పట్టిందని వెళ్లింది ఆ పిల్ల. మిగతావాళ్లు ఇంటి నుంచే పని అంటూ చిన్న కంప్యూటర్లు చంకన పెట్టుకుని ఎవరింటికి వాళ్లు పోయారు. అంత పెద్ద ఆఫీసులో నేనూ ఆ మిషనూ మిగిలాం. అటెండర్నే గానీ, టీ పోద్దామంటే తాగే నోరు లేదు.

పొద్దున్నే తెర తుడిచి పక్క కుర్చీలో కూర్చునేవాణ్ణి. గీతలు పడుతుంటే ఇది గోడ, ఇది గుమ్మం అని పోల్చుకునేవాణ్ణి. "వంటగదికి కిటికీ పెట్టవే తల్లీ, ఉడికిపోతారు" అనేవాణ్ణి, పైకే. నవ్వకు, రాయి. మధ్యాహ్నం బాణం ఆగిందంటే అన్నానికి లేచిందన్నమాట. నేనూ క్యారియర్ విప్పేవాణ్ణి. మీ నాయనమ్మ పోయాక ఒకళ్లతో కలిసి తినడం అంటే అదే. ఊఁ, అది కూడా రాయి.

మొన్న బాణం ఒకటే గీత గీస్తోంది, చెరుపుతోంది, మళ్లీ గీస్తోంది. ఏడుస్తోందేమో అనిపించింది. వాళ్లమ్మకేమైనా అయిందేమో. మనిషి పక్కనుంటే భుజం మీద చెయ్యి వేస్తాం. నేను మౌస్ మీద వేశాను. బాణం ఇటు వచ్చింది. ఆ పిల్ల అటు లాగింది. నేనున్నానమ్మా అని చెప్పడానికి నాకు అంతకన్నా ఏం తెలుసు? మళ్లీ ఇటు కదిపాను.

వెంటనే నా ఫోన్ మోగింది. "బాబాయ్! నా కంప్యూటర్లో ఎవరో దూరారు! తొందరగా వైరు పీకెయ్!"

నేనేనమ్మా అందామనుకున్నాను. నా సంగతి తెలుసుగా, నా నోట్లోంచి మాట ఊడిపడేలోపు రైలు రెండు స్టేషన్లు దాటుతుంది. వైరు పీకేశాను.

"పీకావా?"

"పీకానమ్మా."

పెట్టేసింది.

అప్పట్నుంచీ తెర నల్లగా ఉంది. దొంగలు దూరే చోట ఉంచనని మేనేజరు ఆ మిషన్ని రేపు హెడ్డాఫీసుకి పంపేస్తాడట. ఆయనకే చెప్పొచ్చుగా అంటావు. మళ్లీ నవ్వుతాడమ్మా. ఇవాళ క్యారియర్ విప్పి, మూత పెట్టేశాను.

ఇదిగో ఫోను. ఆ అమ్మాయి నంబరు కలుపు. నేను మాట్లాడితే తెల్లారిపోతుంది, నువ్వే రాసింది రాసినట్టు చదివి వినిపించు. మౌస్ మీద చెయ్యి వేసింది నేనేననే చోట కాస్త గట్టిగా చదువు. వైరు పెట్టమంటే ఇప్పుడే వెళ్లి పెడతానని చెప్పు. ఆగాగు, ముందు వాళ్లమ్మకెలా ఉందో అడుగు. తర్వాత చదువు.