కండక్టర్ టికెట్టు

అతన్ని ఇంటా బయటా అందరూ కండక్టర్ అనే పిలిచేవారు. సగం జీవితం బస్సులో నిలబడే గడిపాడు. టికెట్లు కొట్టే పని కూడా డ్రైవర్ల నెత్తినే రుద్ది డిపోవాళ్ళు కండక్టర్లని ఇంటికి పంపేశాక, బావమరిది పిలిస్తే ఈ దేశం వచ్చిపడ్డాడు. పెద్ద హోటల్లో, లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని.

చేరే రోజు పొద్దున్నే బావమరిది దారి చెప్పాడు.

"ఏం లేదు బావా. స్టాపులో మిషనుంటుంది. టికెట్ కొను, ట్రామెక్కు, వంతెన దాటగానే దిగు."

"కండక్టర్ ఉండడా?"

"ఉండడు."

"మరి టికెట్ ఎవరడుగుతారు?"

"ఎవరూ అడగరు."

"అడక్కపోతే ఎవడు కొంటాడ్రా?"

"అందరూ కొంటారు బావా," అంటూ బావమరిది తన డ్యూటీకి పరిగెత్తాడు.

ఆ మాట కండక్టర్‌కి మింగుడు పడలేదు.

మిషన్ ముందు నిలబడితే ముందు భాష అడిగింది. ఇంగ్లీషు నొక్కాడు. పెద్దలా, పిల్లలా, కుక్కా అనడిగింది. కుక్కకి కూడా టికెట్ కొట్టే ఊరంటే అతనికి కాస్త గౌరవం కలిగింది. ఈలోగా వెనకాల జనం పోగయ్యారు. ఒక్కళ్ళూ విసుక్కోలేదు. మనవాళ్ళయితే ఈపాటికి తన తాతముత్తాతల దాకా వెళ్ళొచ్చేవాళ్ళు అనుకున్నాడు. మిషన్ టికెట్ ఉమ్మింది. దాన్ని జాగ్రత్తగా చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ట్రామ్‌లో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. అయినా అలవాటు కొద్దీ తలుపు దగ్గరే నిలబడి ఎక్కేవాళ్ళ మొహాలు చూశాడు. టికెట్ లేనివాడు కిటికీలోంచి బయటికి చూస్తాడు, అది అతని అనుభవం. ఇక్కడ అందరూ కిటికీలోంచే చూస్తున్నారు.

తలుపు పక్కన స్తంభానికో పసుపుపచ్చ డబ్బా, దాని నెత్తిన టైము చూపించే అంకెలు. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు దాని నోట్లో టికెట్ పెడితే టంగుమనేది. టైమెంతయిందో చూసుకుంటున్నారేమోలే అని వదిలేశాడు.

రోజూ పోనూ రానూ టికెట్ కొన్నాడు. వాడిన టికెట్ పారేయడం మాత్రం అతనికి చేతకాదు. రబ్బరుబ్యాండు వేసి సంచిలో పెట్టుకున్నాడు.

ఒక రోజు పనికి వెళ్తుంటే, మామూలు కోటు వేసుకున్న ఒకావిడ ట్రామెక్కి, జేబులోంచి బిళ్ళ తీసి చూపించింది. చెకింగ్! పుట్టింటివాళ్ళు ఎదురొచ్చినంత సంబరమేసింది కండక్టర్‌కి. ఆవిడ అడక్కముందే టికెట్ చాపాడు.

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పింది. "ముద్ర లేదు," అంది. ఇద్దరిదీ అరకొర ఇంగ్లీషే కాబట్టి మాటలు బాగానే అర్థమయ్యాయి.

"ముద్ర ఏమిటి?"

ఆవిడ పసుపుపచ్చ డబ్బా వైపు వేలు చూపించింది. "అందులో పెడితేనే ఇది టికెట్. లేకపోతే కాగితం."

"నాకు తెలీదండీ," అన్నాడు. ఆ మాట తన నోట్లోంచి రావడం విని తనే ఉలిక్కిపడ్డాడు. ముహూర్తానికి ఆలస్యమైపోతోంది, తెలీక ఎక్కేశానని మొత్తుకున్న పెళ్ళికొడుకు దగ్గర కూడా అతను ఆ మాట చెల్లనివ్వలేదు. ట్రామ్‌లో కిటికీలోంచి చూసేవాళ్ళంతా ఇప్పుడు అతని వైపే చూస్తున్నారు. చెవులు వేడెక్కాయి. ఇటు పక్కన నిలబడితే ఇలా ఉంటుందా అనుకున్నాడు.

సంచిలోంచి కట్ట తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ ఒక్కొక్కటే చూసింది. ఒక్కదాని మీదా ముద్ర లేదు.

"రోజూ కొన్నారా?"

"రోజూ కొన్నాను."

"అయితే ఇన్నాళ్ళూ టికెట్ లేకుండా తిరిగారు."

"కొని తిరిగాను."

"కొన్నారు. తిరిగారు. రెండూ వేరు."

ఆ వాదనలో అతనికి ఎక్కడా తప్పు దొరకలేదు. తను ఆ స్థానంలో ఉంటే ఇంత పొందికగా చెప్పగలిగేవాడా అన్న అనుమానం కూడా వచ్చింది.

"జరిమానా రాయండి," అన్నాడు.

ఆవిడ రాయబోయి ఆగింది. "సాధారణంగా ఎవరూ రాయమనరు."

"నేనూ ఎవర్నీ వదల్లేదండీ. కండక్టర్ని."

ఆవిడ కాసేపు అతన్ని ఎగాదిగా చూసి, రాసింది. కట్ట తిరిగిచ్చేస్తూ, "ఇవి పారేయకండి. ముద్ర పడలేదు గనక అన్నీ చెల్లుతాయి," అంది.

రాత్రి బావమరిది తల పట్టుకున్నాడు. "ఆ డబ్బా ఏంటని ఒక్కమాట అడగొచ్చుగా బావా!"

"నువ్వు చెప్పొచ్చుగా?"

"అది అందరికీ తెలిసిందే కదా!"

"అందరికీ తెలిసిందేదీ ఎవరూ చెప్పరు," అని కండక్టర్ అన్నం కలుపుకున్నాడు. కోపంగా ఏమీ లేడు. పైగా ఈ ఊరి మీద నమ్మకం కుదిరినవాడిలా కనిపించాడు.

మర్నాటి నుంచి ఎక్కగానే టంగుమనిపించేవాడు. ఆ పైన టికెట్ చేతిలోనే పట్టుకుని చెకింగ్ కోసం ఎదురుచూసేవాడు. వారాలు గడిచినా ఎవరూ రాలేదు. ముద్ర వేయించి ప్రయోజనమేమిటో అతనికి బోధపడలేదు.

చివరికి ఒక పొద్దున పనికి వెళ్తుంటే ఆవిడే ఎక్కింది. అతను టికెట్ చాపాడు. ఆవిడ గుర్తుపట్టి, నవ్వి, "మీది సరే," అని దాటిపోయింది.

కండక్టర్ మొహం మాడిపోయింది. వెనకాలే వెళ్ళాడు.

"అలా కాదండీ. చూడాలి. మొహం చూసి వదిలేస్తే ఎలా?"

"మీ మీద నాకు నమ్మకముంది."

"నా మీద కాదు, టికెట్ మీద ఉండాలి."

ఆవిడ నవ్వు ఆపుకుని టికెట్ అందుకుంది. ముద్ర చూసింది, తేదీ చూసింది, వెనక్కి తిప్పి కూడా చూసింది. "సరిగ్గా ఉంది," అని రెండు చేతులతో ఇచ్చింది.

కండక్టర్ తృప్తిగా తలూపి కిటికీలోంచి చూశాడు. వంతెనా, దాని అవతలి హోటలూ ఎప్పుడో దాటిపోయాయి.